పోస్టు డబ్బా మీద పేరు

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కన్సల్టెన్సీల బోర్డులు చాలా ఏళ్లుగా ఒకటే మాట చెబుతున్నాయి: జర్మనీలో చదువు ఫ్రీ. అబద్ధమేమీ కాదు. బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరప్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 శీతాకాలం నుంచి మాస్టర్స్‌కు కోర్సును బట్టి సెమిస్టరుకు 4000 నుంచి 6000 యూరోల దాకా పెట్టింది. ఇలాంటివి కొన్ని వదిలేస్తే ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ఇప్పటికీ ట్యూషన్ ఫీజు లేదు.

ఆ బోర్డు కింది గదిలో ఏం నేర్పుతారన్నదే నా పేచీ. ఏపీఎస్ సర్టిఫికెట్‌కు, అంటే మన చదువు కాగితాలు సరైనవేనని తేల్చేదానికి, ఏ కాగితాలు పెట్టాలో, ఎస్ఓపీ, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం, ఎలా రాయాలో, బ్లాక్డ్ అకౌంట్, అంటే వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి నెలకింత చొప్పున తీసుకునే ఖాతా, ఎలా తెరవాలో చెబుతారు. ఓపికుంటే ఏ1, అంటే మొదటి మెట్టు, జర్మన్ కూడా చెప్పిస్తారు. నా పేరు ఫలానా, మాది హైదరాబాద్, నాకు ఇద్దరు తోబుట్టువులు. తీరా అక్కడ దిగాక ఈ వాక్యాలు అడిగేవాళ్లుండరు. క్లాసు ఇంగ్లిష్‌లో, రూమ్‌మేట్స్‌తో తెలుగులో, సూపర్ మార్కెట్ కౌంటర్‌లో ఒక నవ్వు, ఒక కార్డు. మొదటి ఆరు నెలల్లో విద్యార్థితో పట్టుబట్టి జర్మన్ మాట్లాడేది ఒక్కటే ఉంటుంది. అది పోస్టు డబ్బాలో పడే ఉత్తరం.

అందుకే నేననేది ఇది: అక్కడికి వెళ్లేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది మాట్లాడే జర్మన్ కాదు, ఉత్తరం చదివే జర్మన్. ఇందులో నాకే కొన్ని సందేహాలున్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

పేరు లేకపోతే మనిషి లేనట్టే

మన దగ్గర పోస్ట్‌మాన్‌కు ఫ్లాట్ నంబరుంటుంది, లేదంటే వాచ్‌మన్ ఉంటాడు. జర్మనీ చిరునామాలో వీధి పేరు, ఇంటి నంబరు, పిన్ కోడు, ఊరు ఉంటాయి. ఫ్లాట్ నంబరు సాధారణంగా ఉండదు. ఒక్కో గేటు దగ్గర పది, ఇరవై డబ్బాలు. ఉత్తరం ఏ డబ్బాలో వేయాలో చెప్పేది దాని మీద ఉన్న ఇంటిపేరే. పేరు కనపడకపోతే ఉత్తరం పంపినవాళ్ల దగ్గరికి తిరిగిపోతుంది. మనిషి మూడో అంతస్తులో కూర్చుని దాని కోసమే ఎదురు చూస్తూ ఉండొచ్చు, అయినా పోతుంది.

ఏమేం తిరిగిపోతాయో చూడండి. బ్యాంకు కార్డు ఒక కవరులో వస్తుంది, దాని పిన్ మరో రోజు మరో కవరులో. ఆరోగ్య బీమా కార్డు, పన్ను గుర్తింపు సంఖ్య, రెసిడెన్స్ కార్డుకు సంబంధించిన పిన్ ఉత్తరం అన్నీ పోస్టులోనే. కార్డు వచ్చి పిన్ రాకపోతే కార్డు అట్టముక్కతో సమానం. కాబట్టి తాళం చేతికొచ్చిన రోజే చేయాల్సిన పని సిమ్ కార్డు కొనడం కాదు, డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా పేరు పెట్టడం. కొన్ని భవనాల్లో ఒకే తరహా ప్లేట్లు కేర్‌టేకరే పెడతాడు, అందుకు వారమో రెండు వారాలో పట్టొచ్చు. అందాకా తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి టేపుతో అతికించాలి. వేరేవాళ్ల పేరున ఉన్న ఇంట్లో కొన్నాళ్లు తలదాచుకుంటుంటే చిరునామాలో కేరాఫ్ అని వాళ్ల పేరు రాయాలి.

ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. మన పాస్‌పోర్టుల్లో కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, ఇంటిపేరుతో సహా అంతా గివెన్ నేమ్‌లోనే దొర్లిపోయి ఉంటుంది. కొందరికి తాతగారి పేరు, దేవుడి పేరు, సొంత పేరు కలిసి నాలుగు మాటలవుతాయి. జర్మన్ ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీగా వదలడానికి లేదు. కాబట్టి బ్యాంకు ఒక మాటను ఇంటిపేరు చేస్తుంది, బీమా సంస్థ ఇంకో మాటను చేస్తుంది. డబ్బా మీద ‘సాయి’ అని ముద్దుగా రాసుకుంటే ఏదీ చేరదు. ఎవరెవరు ఏ మాటను ఇంటిపేరుగా పట్టుకున్నారో చూసుకుని ఆ మాటలన్నీ డబ్బా మీద ఉంచాలి. చూడ్డానికి పెళ్లి శుభలేఖలా ఉంటుంది, పర్వాలేదు.

కాగితం కోసం కాగితం

ఇంట్లో చేరిన రెండు వారాల్లో ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. ఆన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె ఒప్పందం చూపిస్తే చాలనుకుని వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు ఎక్కువ. కావాల్సింది ఇంటి యజమాని సంతకం చేసిచ్చే వేరే కాగితం: ఈ మనిషి ఫలానా తేదీ నుంచి నా ఇంట్లో ఉంటున్నాడు అని. దాని పేరు ‘వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్’. పలకక్కర్లేదు, ప్రింటు తీసి యజమాని ముందు పెడితే చాలు. పెద్ద ఊళ్లలో రెండు వారాల్లోపు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్కపోవచ్చు. దొరికిన తేదీ బుక్ చేసుకుని ఆ బుకింగ్ కాగితం దాచుకోవాలి. పొద్దున్నే ఎవరో రద్దు చేసుకున్న స్లాట్లు సైటులో కనిపిస్తుంటాయి, అవీ చూస్తుండాలి.

గది చవగ్గా ఇస్తాం కానీ ఆన్‌మెల్డుంగ్ కుదరదు అనే ప్రకటనలు కనిపిస్తాయి. ఆ చవక ఖరీదైనది. నమోదు లేకపోతే పన్ను సంఖ్య రాదు, వీసా పొడిగింపు ముందుకు సాగదు, కొన్ని బ్యాంకులు ఖాతా ఇవ్వవు. యజమాని విదేశంలో ఉన్నాడట, డబ్బు పంపితే తాళం పోస్టులో వస్తుందట అనే గది ఇంకో రకం. ఆ గది ఉండదు.

నమోదు ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. మనవాళ్లు దీన్ని జనాభా లెక్కల ప్రశ్న అనుకుంటారు. అది పన్ను ప్రశ్న. అక్కడ ప్రొటెస్టెంట్ అనో క్యాథలిక్ అనో రాస్తే, ఆదాయపు పన్ను పడే జీతం వచ్చిన రోజు నుంచి ఆ పన్ను మీద చర్చి పన్ను కూడా పడుతుంది. బవేరియాలో, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9. గుంటూరు లూథరన్ కుటుంబం నుంచి వెళ్లిన అమ్మాయి తన విశ్వాసం గురించి నిజమే రాస్తుంది, మూడేళ్ల తర్వాత జీతం చీటీలో ఆ కోత చూసి ఇదేమిటని అడుగుతుంది. చర్చికి ఇవ్వడానికి ఆమెకు అభ్యంతరం ఉండకపోవచ్చు. తెలియకుండా ఇవ్వడం వేరు కదా. తర్వాత వద్దనుకుంటే రాష్ట్రాన్ని బట్టి కోర్టుకో రిజిస్ట్రీ ఆఫీసుకో వెళ్లి సభ్యత్వం వదులుకుంటున్నానని రాసివ్వాలి, చాలా చోట్ల దానికీ రుసుముంది.

డబ్బు లెక్క కూడా కాగితాల వరస మీదే నడుస్తుంది. 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992. ఆ 992 దిగిన రోజునే చేతికి రాదు. జర్మనీలో మామూలు ఖాతా తెరిచి, దాని నంబరు ఇచ్చి, వాళ్లడిగిన కాగితాలు అప్‌లోడ్ చేస్తే వస్తుంది. ఈలోగా అద్దె కట్టాలి. కాల్ట్‌మీటె, అంటే హీటింగూ ఇతర ఖర్చులూ కలపని అద్దె, 350 యూరోలు అనుకుందాం. డిపాజిట్ చట్టం ప్రకారం దానికి మూడు రెట్లు మించకూడదు, అంటే 1050. ఖర్చులు కలిపిన అద్దె 450. మొదటి నెలే 1500 యూరోలు కావాలి, బ్లాక్డ్ అకౌంట్ నుంచి వచ్చేది 992, అదీ ఆలస్యంగా. కానీ అదే చట్టం డిపాజిట్‌ను మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టొచ్చని కూడా అంటుంది. అప్పుడు మొదటి నెల 800తో గడుస్తుంది. ఈ సంగతి తెలిసి అడిగేవాళ్లు తక్కువ. ఎలాగైనా, మొదటి రెండు నెలల ఖర్చు బ్లాక్డ్ అకౌంట్‌తో సంబంధం లేకుండా విడిగా పట్టుకెళ్లాలి.

కవరును బట్టి భయం

నమోదైన కొన్ని వారాలకు ఒక ఉత్తరం వస్తుంది. రేడియో, టీవీ రుసుము కట్టమని. చాలామంది అది మోసం అనుకుని చించేస్తారు. నా దగ్గర టీవీయే లేదు కదా అన్నది వాళ్ల వాదన. టీవీ ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఆ రుసుము ఇంటికి, నెలకు 18.36 యూరోలు, సాధారణంగా మూడు నెలలకోసారి 55.08. చిరునామా నమోదు వివరాలు ఆఫీసు నుంచి నేరుగా వాళ్లకు వెళ్తాయి. జవాబివ్వకపోయినా ఇంట్లో చేరిన నెల నుంచి లెక్క కట్టి బిల్లు పంపుతారు, దాని మీద ఆలస్య రుసుము వేస్తారు, ఆఖరికి జప్తు నోటీసు దాకా పోతుంది.

ఇందులో చదివినవాడికి దొరికే వెసులుబాటు ఒకటుంది. రుసుము ఇంటికి కానీ మనిషికి కాదు. నలుగురు కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒకరు కడితే చాలు, మిగతా ముగ్గురూ అతని చందా నంబరు రాసి పంపితే వాళ్ల పేర్లు కొట్టేస్తారు. తలా 4.59 పడుతుంది. జవాబు రాయని నలుగురికీ నాలుగు బిల్లులొస్తాయి. స్టూడెంట్ హాస్టల్‌లో అయితే లెక్క వేరు: నేరుగా అందరూ తిరిగే వరండాలోకి తలుపు తెరుచుకునే గదిని విడి ఇల్లుగా లెక్కిస్తారు.

తర్వాతిది పసుపు కవరు. కోర్టు నుంచో జరిమానాలు వేసే ఆఫీసు నుంచో వచ్చేది ఇందులో ఉంటుంది. పోస్ట్‌మాన్ డబ్బాలో వేస్తూ ఆ రోజు తేదీ కవరు మీదే రాస్తాడు. గడువు మొదలయ్యేది ఆ తేదీ నుంచి, మీరు తెరిచిన రోజు నుంచి కాదు. సెలవులకు విజయవాడ వెళ్లి నెల తర్వాత తిరిగొచ్చినా అంతే. మనవాళ్లు చేసే పొరపాటు, ఉత్తరం దాచి కవరు పారేయడం. ఈ ఒక్క సందర్భంలో కవరు కూడా సాక్ష్యమే. జరిమానా ఉత్తరం మీదైనా, బాకీ కట్టమని కోర్టు పంపే మాన్‌బెషైడ్ మీదైనా అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలే ఉంటుంది.

మామూలు కవరులో వచ్చే సర్కారు నిర్ణయాన్ని బెషైడ్ అంటారు. పోస్టు చేసిన నాలుగో రోజుకు అది మీకు అందినట్టే లెక్క. 2024 చివరి దాకా మూడో రోజు ఉండేది, 2025 నుంచి నాలుగు చేశారు. దాని మీద అభ్యంతరానికి, అంటే విడర్‌ష్ప్రుఖ్‌కు, సాధారణంగా నెల గడువు. ఈ ఉత్తరాలను చివరి నుంచి చదవడం అలవాటు చేసుకోవాలి. ఎవరికి, ఎన్నాళ్లలోపు, ఏ రూపంలో అభ్యంతరం చెప్పాలో ఆఖరి పేరాలో ఉంటుంది. ఆ పేరా లేకపోతే నెల గడువు కాస్తా ఏడాది అవుతుంది. అంటే వాళ్లు సరిగ్గా రాయకపోతే నష్టం వాళ్లది. అభ్యంతరం మామూలు ఈమెయిల్‌లో పంపితే సాధారణంగా చెల్లదు, చేత్తో సంతకం చేసిన కాగితం పంపడం మేలు.

బిల్లులది మూడో జాతి. రేఖ్నుంగ్ అంటే బిల్లు. ‘చెల్లింపు గుర్తు చేస్తున్నాం’ అని మర్యాదగా వచ్చేది మొదటి హెచ్చరిక. ఆ మర్యాద చూసి మోసపోకూడదు. తర్వాత మానుంగ్, అంటే గట్టి హెచ్చరిక, తర్వాత వసూళ్ల సంస్థ. ప్రతి మెట్టు మీదా రుసుము కలుస్తుంది. వసూళ్ల దాకా వెళ్తే షూఫా అనే క్రెడిట్ రికార్డులో మచ్చ పడొచ్చు, ఆ రికార్డు చూడకుండా తర్వాత ఇల్లు ఇచ్చేవాళ్లు అరుదు. డబ్బు కట్టి కూడా మానుంగ్ తెచ్చుకునేవాళ్లున్నారు. కారణం చిన్నదే: బదిలీ చేసేటప్పుడు ఉత్తరం మీదున్న ఫైలు నంబరు రాయరు. డబ్బు చేరుతుంది, ఎవరిదో తెలియదు.

ఫోను చదివిపెట్టదా?

పెడుతుంది. కెమెరా పెడితే ఉత్తరం మొత్తం ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది, ఈ రోజుల్లో తెలుగులో కూడా. నా వాదనకు ఇదే గట్టి పోటీ. పదేళ్ల కిందట వెళ్లినవాళ్లు పక్కింటి ముసలావిడను బతిమాలి చదివించుకునేవాళ్లు, ఇప్పుడా అవసరం లేదు.

కానీ ఫోను మాటలను మారుస్తుంది, బరువును మార్చదు. ‘ఫ్రిస్ట్’ను గడువు అంటుంది, ఆ గడువు కవరు మీది తేదీ నుంచి నడుస్తోందని చెప్పదు. ప్రైవేటు సంస్థలు సర్కారు ఉత్తరంలా ముద్రించి పంపే ప్రకటనలుంటాయి. వాటినీ పన్ను ఆఫీసు ఉత్తరాన్నీ ఫోను ఒకే గొంతుతో చదువుతుంది. పైగా ఫోను పెట్టాలంటే ముందు కవరు చించాలి కదా. అసలు ఇబ్బంది అక్కడుంది. అర్థం కాని భాషలో ఉన్న కవరు మంచం పక్కన చేరుతుంది, దాని మీద రెండోది, మూడోది. భాష రాకపోవడం కన్నా ఆ కుప్ప ఎక్కువ ఖరీదైనది. ఓ ఇరవై మాటలు గుర్తుపట్టగలిగితే కవరు చించడానికి చెయ్యాడుతుంది: గడువు, మొత్తం, చెల్లించాల్సిన తేదీ, అభ్యంతరం, రద్దు, నిర్ణయం, హెచ్చరిక, అదనపు చెల్లింపు, ఫైలు నంబరు, సంతకం. ఏ1లో పండ్ల పేర్లకు పట్టే సమయంలో ఇవి వచ్చేస్తాయి.

వంటింటి తలుపు మీది నోటీసు కూడా ఉత్తరమే. చాలా హాస్టళ్లలో ఒక కాగితం అంటించి ఉంటుంది: పొగ వస్తే కిటికీ తెరవండి, వరండా తలుపు తెరవొద్దు. ఎండుమిరపకాయల తాలింపు ఘాటెక్కగానే మనం మొదట తెరిచేది తలుపే. గదిలోని అలారం అక్కడికక్కడే కూస్తే కూయవచ్చు, వరండాలోది నేరుగా ఫైర్ స్టేషన్‌కు కలిపి ఉండొచ్చు. బండి వచ్చాక ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న కూడా వస్తుంది, అదీ ఉత్తరంలోనే.

సీనియర్లున్నారు కదా అన్నది రెండో మాట. ఉన్నారు, వాళ్ల సాయం లేకుండా ఎవరూ నిలదొక్కుకోరు. ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకెళ్లేదీ, మొదటి వారం నేల మీద పరుపు వేసేదీ వాళ్లే. వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న చిక్కల్లా సలహాకు తేదీ ఉండకపోవడం. బ్లాక్డ్ అకౌంట్ నెలకు 861 అని చెప్పేవాడూ నిజమే చెబుతున్నాడు, 934 అనేవాడూ నిజమే, ఎవరు వచ్చిన ఏడాది లెక్క వాళ్లది. జిమ్ ఒప్పందం మూడు నెలల ముందు రద్దు చేయకపోతే మళ్లీ ఏడాదికి చుట్టుకుంటుందని ఇప్పటికీ చెబుతారు. 2022 మార్చి నుంచి చేసుకున్న ఒప్పందాలు మొదటి గడువు అయ్యాక నెల నోటీసుతో ఎప్పుడైనా రద్దవుతాయి. ఆరోగ్య బీమా విషయంలో పాత సలహా మరీ ప్రమాదం. చవగ్గా ఉందని మొదట్లోనే ప్రైవేటు బీమా తీసుకుని సర్కారు బీమా నుంచి మినహాయింపు రాయించుకుంటే, ఆ చదువు అయ్యేదాకా దాన్ని వెనక్కి తీసుకోలేరు. నెలనెలా కొంత మిగులుతుందని చేసిన పని ఎంత ఖరీదైనదో పంటి నొప్పి వచ్చినప్పుడు తెలుస్తుంది.

మిడ్స్ లేని పరీక్ష

యూనివర్సిటీ ఇంగ్లిష్‌లో మాట్లాడినా నడిచేది ఇదే పద్ధతిలో. మన దగ్గర 75 శాతం హాజరు, తగ్గితే కండోనేషన్ ఫీజు, రెండు మిడ్స్, చివర ఎక్స్‌టర్నల్, తప్పితే సప్లీ. కాలేజీ మన వెంటపడుతుంది. అక్కడ చాలా కోర్సుల్లో హాజరే తీసుకోరు, ఇంటర్నల్ మార్కులుండవు, సెమిస్టరు చివర ఒక్క పరీక్ష. ఆ పరీక్షకు విడిగా పేరు నమోదు చేసుకోవాలి. కోర్సులో చేరడం, పరీక్షకు నమోదు కావడం వేర్వేరు పనులు. ప్రతి క్లాసుకూ ముందు వరుసలో కూర్చున్నవాడు గడువులోపు పోర్టల్‌లో నొక్కడం మరిచిపోతే పరీక్ష హాల్లో అతని పేరుండదు.

నొక్కి వెళ్లకపోయినా ముప్పే. 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 దాకా పాస్, 5.0 అంటే తప్పినట్టు. కారణం చూపకుండా రాకపోతే 5.0 పడుతుంది. జ్వరమొస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, చాలా చోట్ల యూనివర్సిటీ ఇచ్చిన ఫారం మీదే, రాయించుకుని పంపాలి. మర్నాడు ప్రొఫెసర్‌ను కలిసి “సార్, బాగా జ్వరం సార్” అంటే ఆయన జాలిపడతాడు, చేయగలిగింది లేదంటాడు. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. మూడోదీ పోతే ఆ కోర్సు ముగిసినట్టే, జర్మనీలో మరో యూనివర్సిటీలో అదే కోర్సులో చేరడానికీ వీలుండదు. సప్లీలతో పెరిగిన మనకు ఈ వాక్యం చదివినా మనసుకెక్కదు.

సెమిస్టరు రుసుము సంగతీ అంతే. ఫీజు లేని చదువులో ఇదొక్కటే కట్టాల్సింది. గడువులోపు కట్టకపోతే హెచ్చరిక, ఆ తర్వాత పేరు తీసేయడం. పేరు పోతే దాని మీద ఆధారపడిన వీసా కూడా కదులుతుంది.

బతిమాలడానికి బదులు రాయడం

ఇంతదాకా చదివినవాళ్లకు ఇదంతా కర్కశంగా అనిపించొచ్చు. నాకూ కొంత అనిపిస్తుంది. మన ఆఫీసుల్లో గడువు దాటితే మనిషి దగ్గరికి వెళ్తాం. సార్ అంటాం, అమ్మా అంటాం, తెలిసినవాళ్లతో చెప్పిస్తాం, మీసేవ కుర్రాడు ఏదో ఒకటి చేసి పెడతాడు. ఆ దారికి ఉన్న జబ్బులన్నీ మనకు తెలుసు, అయినా అందులో ఒక మనిషి ముఖం ఉంటుంది. అక్కడ కౌంటర్‌లో ఆవిడ ఎంత మంచిదైనా నోటిమాట ఫైల్లోకి ఎక్కదు.

కానీ అదే కాగితం మీవైపు కూడా నిలబడుతుంది. ఫోను చార్జింగ్ అయిపోయి ట్రామ్‌లో టికెట్ చూపలేకపోతే చేతిలో 60 యూరోల చీటీ పెడతారు. చాలామంది తిట్టుకుంటూ కట్టేస్తారు. ఆ రోజుకు మీ పేరు మీద చెల్లుబాటయ్యే సెమిస్టర్ టికెట్ ఉందని వారంలోపు చూపిస్తే అది సాధారణంగా 7 యూరోలకు తగ్గుతుంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు, గడువులోపు చూపితే చాలు. డిపాజిట్‌కు మూడు నెలల అద్దె పరిమితీ, నాలుగు టీవీ రుసుము బిల్లుల బదులు ఒక్క బిల్లూ ఇలాంటివే. పన్ను సంఖ్య ఇంకా రాలేదని ఉద్యోగమిచ్చినవాళ్లు అత్యధిక పన్ను తరగతి కింద కోసేస్తే, తర్వాత రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవచ్చు. మన దగ్గర పలుకుబడి చేసే పనిని అక్కడ ఒక పేజీ ఉత్తరం చేస్తుంది. ఎవరి కొడుకో, ఎవరి తాలూకో అడగదు. జర్మన్ రానివాడికి మాత్రం అది అన్యాయమే, ఎందుకంటే హక్కు కూడా ఆ భాషలోనే ఉంది.

జర్మన్లకూ ఈ ఉత్తరాలే వస్తాయి, వాళ్లకు మాత్రం చిన్నప్పటి నుంచి ఒక వస్తువు అలవాటై ఉంటుంది: వెడల్పు వీపున్న రింగ్ ఫైలు. రెండు చిల్లుల పంచింగ్ మెషీన్, మధ్యలో రంగు అట్టలు, ఇల్లు ఒకచోట, బీమా ఒకచోట, పన్ను ఒకచోట. మనకూ కాగితం కొత్త కాదు. ఎస్సెస్సీ మెమో లామినేట్ చేసి బీరువాలో చీరల కింద దాచే జాతి మనది. కాకపోతే మనం దాచే కాగితాలు గడిచినదానికి రుజువులు. వాళ్లవి రాబోయే తేదీకి పిలుపులు. లామినేట్ చేసి దాస్తే గడువు ఆగదు.

సందేహం చెబుతానన్నాను. ఉత్తరాల జర్మన్ మీద ఇంత పట్టుబడితే మాట్లాడే జర్మన్ వెనకబడుతుందేమో. ఉద్యోగాల వేటలో బీ1, బీ2, అంటే మధ్య మెట్ల జర్మన్, లేకుండా చాలా తలుపులు తెరుచుకోవు. పోస్టు డబ్బా ఎవరికీ స్నేహితుడు కాదు, ఫైలు ఎంత చక్కగా పెట్టుకున్నా శీతాకాలం నాలుగు గంటలకే చీకటి పడితే దానితో కబుర్లు చెప్పలేం. కొందరు ఒక్క ఉత్తరం సరిగ్గా చదవకుండానే చదువు ముగించి ఉద్యోగాల్లో హాయిగా ఉన్నారు కూడా. వాళ్లను చూపించి నన్ను ఓడించవచ్చు. నేను చెప్పేది వరుస గురించే. మాట్లాడటం నెమ్మదిగా వస్తుంది, తప్పు మాట్లాడినా ఎవరూ ఏమీ అనుకోరు. ఉత్తరం మాత్రం మొదటి వారమే వస్తుంది.

పైగా అది చివరి వారంతో ఆగదు. ఇల్లు ఖాళీ చేయాలంటే మామూలు అద్దె ఒప్పందంలో మూడు నెలల నోటీసు, చేత్తో సంతకం పెట్టిన కాగితం మీద. ఏప్రిల్ మూడో పనిదినం లోపు అది యజమానికి చేరితే జూన్ 30తో ముగుస్తుంది, ఒక రోజు ఆలస్యమైతే జులై అద్దె కూడా మీదే. పోస్టు చేసిన రోజు లెక్కకు రాదు, చేరిన రోజే లెక్క. ఒప్పందంలో ముగింపు తేదీ రాసి ఉంటే మధ్యలో వదలడం సాధారణంగా కుదరదు. దేశం వదిలి వెళ్లేటప్పుడు చిరునామా రద్దు చేయించుకోవాలి, ఆ కాగితం చూపి టీవీ రుసుము ఆపించుకోవాలి. హీటింగ్, నీళ్ల లెక్క తేల్చే ఏడాది బిల్లు, లెక్కల సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల్లోపు ఎప్పుడైనా రావచ్చు. దాని కోసమని యజమాని డిపాజిట్‌లో కొంత పట్టుకుని ఉంచుకోవచ్చు కూడా. కాబట్టి కొత్త చిరునామా రాసిచ్చి రావాలి, లేదా డబ్బు కట్టి పోస్టు మళ్లింపు పెట్టించుకోవాలి. ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు దొరుకుతుంది.

డబ్బా మీది టేపు మాత్రం ఆ మళ్లింపు మొదలయ్యేదాకా పీకకూడదు. తర్వాత వచ్చే కుర్రాడు తన పేరు దాని కిందే అతికించుకుంటాడు.